లాల్గుడి జయరామన్ గారు వయొలిన్ విద్వాంసుడా, వాగ్గేయకారుడా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ బాబు ఏడేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. పోయిన నెల వాళ్ల మాస్టారు నళినకాంతి రాగంలో 'నీవే గతియని' అనే వర్ణం (రాగం నడకను చేతికి అలవాటు చేసే రచన) మొదలుపెట్టి, నోటు పుస్తకంలో పైన 'రచన: లాల్గుడి జయరామన్' అని రాయించారు. ఆయన వయొలిన్ వాయించేవారని మీకు తెలుసు కానీ వర్ణాలు రాశారని తెలియదు. తమిళనాడు ఆయన తెలుగులో ఎలా రాశారు, ఆయన జీవితం ఏమిటి, పిల్లాడికి ఏం వినిపించాలి అని అడిగారు.

నేను 30 ఏళ్లకు పైగా వయొలిన్ నేర్పుతున్నాను. అంతకుముందు పదేళ్లు పక్కవాద్యం, అంటే గాయకుల పక్కన కూర్చుని వాళ్ల పాటకు తోడుగా, వాయించాను. లాల్గుడి గారి శిష్యుణ్ణి కాను. మా గురువుగారిది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పరంపర. అయినా నా చేతిలో కమాను (తీగల మీద ఆడించే విల్లు) కదిలే తీరు మారింది మాత్రం లాల్గుడి గారి వాద్యం విన్నాకే. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆయన విద్వాంసుడూ, వాగ్గేయకారుడూ. ఆ రెండింటినీ వేరు చేసి చూస్తే మాత్రం ఆయన అర్థం కారు. పాట ఎలా ఊపిరి తీసుకుంటుందో పక్కవాద్యం వాయిస్తూ నేర్చుకున్నారు. అదే సోలో వాద్యంలోకి వచ్చింది, అదే తర్వాత వర్ణాలూ తిల్లానాలూ అయింది.

ముందు ఊరి సంగతి, ఎందుకంటే మీ తెలుగు ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. లాల్గుడి తిరుచిరాపల్లి దగ్గర ఊరు. అక్కడ సప్తర్షీశ్వరుడి గుడి ఉంది, అమ్మవారి పేరు శ్రీమతి. త్యాగరాజస్వామి ఆ ఊరు వెళ్లి ఆ దేవుడి మీదా అమ్మవారి మీదా ఐదు కృతులు చేశారు. వాటినే లాల్గుడి పంచరత్నాలు అంటాం. అప్పుడు ఆ ఊళ్లో ఆయన శిష్యుడు ఒకరు ఉండేవారు, లాల్గుడి రామయ్యర్. ఆ రామయ్యర్‌కు మునిమనవడు మన జయరామన్ గారు. అంటే ఆ ఇంట్లోకి తెలుగు త్యాగరాజస్వామి నోటి నుంచి నేరుగా వచ్చింది. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో పొద్దున లేస్తే వినబడేది తెలుగు సాహిత్యమే. మాట్లాడుకునే భాష తమిళం కావచ్చు, సంగీతం నేర్చుకున్న భాష మాత్రం మనదే.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటి చెప్తాను. లాల్గుడి పంచరత్నాల్లో తోడి కృతి 'గతి నీవని నే కోరి వచ్చితి తల్లీ పరాకు' అని మొదలవుతుంది. మీ బాబు ఇప్పుడు నేర్చుకుంటున్న వర్ణం 'నీవే గతియని' అని మొదలవుతుంది. ఆయన కావాలనే అలా మొదలుపెట్టారని నేను అనడం లేదు. కానీ ముత్తాత గురువు తమ ఊరి అమ్మవారి ముందు నిలబడి అన్న మాట, మునిమనవడు కలం పట్టినప్పుడు దానంతట అదే నోటికి వచ్చిందని నాకు అనిపిస్తుంది. పిల్లాడికి ఈ సంగతి చెప్పండి. వర్ణం అంటే స్వరాల కసరత్తు అనుకునే వయసు వాడిది.

జయరామన్ గారు 1930 సెప్టెంబర్ 17న పుట్టారు. గురువు తండ్రి వి.ఆర్. గోపాలయ్యర్ గారే. చాలా కఠినంగా నేర్పారని పేరు. తండ్రే గురువు అయితే క్లాసుకు గంట అంటూ ఉండదు, ఇల్లంతా క్లాసే. పన్నెండో ఏట పక్కవాద్యం వాయించడానికి వేదిక ఎక్కారు. మీ బాబు వయసు కూడా ఇంచుమించు అంతే ఉంటుందనుకుంటాను. పోల్చి వాడికి టెన్షన్ పెట్టకండి, ఆ కాలం వేరు, ఆ ఇల్లు వేరు.

తర్వాత ఆయన ఎవరికి పక్కవాద్యం వాయించారో చూడండి. అరియకుడి రామానుజయ్యంగార్, చెంబై వైద్యనాథ భాగవతార్, శెమ్మంగుడి శ్రీనివాసయ్యర్, జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం, మదురై మణి అయ్యర్, ఆలత్తూరు సోదరులు, ఎం.డి. రామనాథన్, మన బాలమురళీకృష్ణ గారు, వేణువులో మాలి. పేర్లు చదువుకుంటూ పోతే ఏమీ అనిపించదు. కానీ వీళ్లలో ఏ ఇద్దరూ ఒకేలా పాడరు. జి.ఎన్.బి. గారిది మెరుపు వేగం. రామనాథన్ గారిది నెమ్మదిగా, గంభీరంగా, ఒక్కో స్వరాన్నీ ఆపి చూపించే పద్ధతి. ఆలత్తూరు వారిది లెక్క, లయ. మదురై మణి అయ్యర్ గారి స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం, వర్షంలా కురుస్తుంది. ఇవాళ ఒకరి పక్కన, మూడు రోజులకు ఇంకొకరి పక్కన కూర్చుని, రిహార్సల్ లేకుండా, పాడినవాడి మాటే తన వాద్యంలో పలికించాలి. సంగీత కాలేజీ సిలబస్‌లో ఇంత చదువు ఉండదు.

పక్కవాద్యం అంటే బయటివాళ్లకు చిన్నచూపు ఉంటుంది కాబట్టి నా అనుభవం ఒకటి చెప్తాను. నాకు 22 ఏళ్లప్పుడు ఒక చిన్న ఊళ్లో త్యాగరాజ ఆరాధనకు ఒక పెద్దాయనకు పక్కవాద్యం వాయించాను. ఆయన ఖరహరప్రియ రాగం ఆలాపన చేశారు. నా వంతు వచ్చేసరికి నాకు తెలిసిందంతా కుమ్మరించాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగానే ఉంది. కచేరీ అయ్యాక ఆయన పక్కకు పిలిచి ఒకే మాట అన్నారు. "బాబూ, నువ్వు నన్ను వినలేదు. నీ వంతు ఎప్పుడు వస్తుందా అని కాచుకుని కూర్చున్నావు." ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటే తిప్పితిప్పి అనుకున్నాను.

ఆ తర్వాత ఒక స్నేహితుడు ఇచ్చిన క్యాసెట్‌లో మదురై మణి అయ్యర్ గారి పాటకు లాల్గుడి గారి వయొలిన్ విన్నాను. నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి విన్నాను. గాయకుడు ఒక సంచారాన్ని (రాగంలోని ఒక స్వరాల నడకను) ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడే ఈయన అందుకుంటారు. గాయకుడి కంటే తక్కువసేపు వాయిస్తారు. ఆయన పాడింది మొత్తం తిరిగి చెప్పరు, దాని గుండెకాయ ఒక్కటి తీసి చూపిస్తారు. ఆ పైన తనది ఒక చిన్న మాట కలుపుతారు, ఆ మాట గాయకుడికి తర్వాతి సంచారానికి దారి అవుతుంది. నన్ను ఆ పెద్దాయన దేనికి మందలించారో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

ఇక లాల్గుడి బాణీ అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. మీ బాబు రోజూ ఇంట్లో సాధన చేస్తాడు కాబట్టి మీరూ గమనించవచ్చు.

మన పద్ధతిలో వయొలిన్ పట్టుకుని నేలమీద కూర్చుంటాం, దాని తల కుడి పాదం మీద ఆనుతుంది. తీగలు స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. ఎడమచేతి వేళ్లు స్వరాలనూ, స్వరాన్ని ఊపి పలికించే గమకాలనూ చూసుకుంటాయి. కుడిచేతి కమానే మాట పలికేది. గాయకుడికి పెదవులూ నాలుకా ఎలాంటివో మనకు కమాను అలాంటిది. దాన్ని పైకి కిందికి ఎక్కడ మార్చాలి అన్నదే అసలు ప్రశ్న.

త్యాగరాజస్వామి కల్యాణి కృతి 'నిధి చాల సుఖమా' తీసుకోండి. నేర్చుకునే పిల్లలు సాధారణంగా స్వరానికి ఒక కమాను చొప్పున మారుస్తారు. అప్పుడు 'చాల' అన్న మాటలో 'చా' మీద ఉన్న దీర్ఘం మూడు నాలుగు ముక్కలైపోతుంది. 'చా-ఆ-ఆ-ల' అని ఎక్కిళ్లు పెట్టినట్టు వినిపిస్తుంది. లాల్గుడి పద్ధతిలో 'ని'కి ఒక కమాను, 'ధి'కి ఒకటి. 'చా' అన్న అక్షరం మొదలయ్యే చోట కొత్త కమాను, ఆ దీర్ఘంలో ఎన్ని స్వరాలున్నా అన్నీ ఆ ఒక్క కమానులోనే సాగాలి. 'ల' వచ్చినప్పుడే మళ్లీ మార్పు. హల్లు ఉన్న చోట చిన్న ఒత్తు, అచ్చు సాగే చోట నున్నగా జారిపోవడం. 'రాముని సన్నిధి సేవ' దగ్గర 'సన్నిధి' మాట మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఆపకూడదు. ఇలా వాయిస్తే, సాహిత్యం తెలిసినవాడికి తీగ మీద మాటలు వినబడతాయి. తెలియనివాడికి కూడా ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది.

ఇది కేవలం టెక్నిక్ కాదు. మాటకు అర్థం తెలియాలి, ఏ పదం ఎక్కడ విరుగుతుందో తెలియాలి. తమిళనాట పెరిగిన మనిషి తెలుగు పదాల విరుపు మీద పెట్టిన శ్రద్ధ వింటే, తెలుగువాళ్లమై ఉండి సాహిత్యం పట్టించుకోకుండా వాయించే మన పిల్లల్ని చూసి నాకు బాధేస్తుంది. తప్పు పిల్లలది కాదు, సాహిత్యం వదిలేసి స్వరం ఒక్కటే చెప్పే మాలాంటివాళ్లది.

మన ప్రాంతం గురించి ఒక మాట. వయొలిన్‌ను పక్కవాద్యం స్థాయి నుంచి సోలో వాద్యంగా నిలబెట్టినవారిలో ముందువరసలో ఉన్నది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారే. ఆయన 1893లో పుట్టి 1964లో పోయారు. ఆ దారి వేసి ఉండబట్టే తర్వాతి తరానికి వేదిక మీద మధ్యలో చోటు దొరికింది. ఆ తర్వాతి తరంలో లాల్గుడి, టి.ఎన్. కృష్ణన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ ముగ్గురినీ కలిపి వయొలిన్ త్రయం అనేవారు. ఎవరు గొప్ప అని అరుగుల మీద వాదించుకునే రోజులు నాకు గుర్తున్నాయి. ఆ వాదనలోకి నేను పోను. ముగ్గురి చేతుల్లో అదే వాద్యం మూడు గొంతులతో పలికింది, అంతే.

సోలో వైపు వచ్చాక ఆయన చేసిన పనుల్లో నాకు ఎక్కువ నచ్చేది 1966లో మొదలుపెట్టిన వయొలిన్, వేణువు, వీణ కచేరీ. వేణువుకు ఎన్. రమణి గారు, వీణకు తిరువనంతపురం ఆర్. వెంకటరామన్ గారు. చెప్పుకోవడానికి సులువే కానీ ఆచరణలో ఇది చాలా కష్టం. వీణ మీటగానే నాదం పుట్టి మెల్లగా తగ్గిపోతుంది. వేణువు ఊపిరి ఉన్నంతసేపే. వయొలిన్ ఒక్కటే ఎంతసేపైనా సాగదీయగలదు, ఎంత గట్టిగానైనా పలకగలదు. కాబట్టి మిగతా రెండింటినీ మింగేయకుండా అణిగి ఉండాల్సింది వయొలినే. ఆ రికార్డింగులు వింటే ఆయన ఎంత తగ్గి వాయించారో తెలుస్తుంది. వీణ నాదం పూర్తిగా సన్నబడేదాకా ఆగి, అప్పుడు దాని తోక పట్టుకున్నట్టు మెల్లగా వస్తారు. పక్కవాద్యంలో నేర్చుకున్న వినికిడి మళ్లీ ఇక్కడ పనికొచ్చింది.

విదేశాల సంగతి క్లుప్తంగా చెప్తాను. 1965లో ఎడిన్‌బరో ఉత్సవంలో వాయించారు. ఆయన వాద్యం మెచ్చి పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ తన ఇటాలియన్ వయొలిన్‌ను కానుకగా ఇచ్చారు. ఒక వయొలిన్ విద్వాంసుడు ఇంకొకరికి తన వాద్యాన్నే ఇచ్చేయడం కంటే పెద్ద మెచ్చుకోలు ఉంటుందా? ఆకాశవాణి ఢిల్లీ 1979లో రికార్డు చేసి బాగ్దాద్‌లో జరిగిన అంతర్జాతీయ సంగీత మండలి పోటీకి పంపిన ఆయన వాద్యం, 77 ఎంట్రీల్లో మొదటిదిగా నిలిచింది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన రచనల విషయం.

వర్ణం అంటే మీ బాబుకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం, చరణం, చరణం తర్వాత ఒక్కొక్కటిగా వచ్చే ఎత్తుగడ స్వరాలు. ఒక రాగం నడక మొత్తాన్ని పది నిమిషాల్లో చేతికి అలవాటు చేసే అచ్చు అది. పచ్చిమిరియం ఆదియప్పయ్య భైరవి వర్ణం 'విరిబోణి', పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ ఆభోగి వర్ణం 'ఎవరి బోధ' లాంటివి తరతరాలుగా మనం నేర్పుతున్నాం. ఆ పాతవాటి పక్కన కొత్త వర్ణం నిలబడాలంటే మామూలు సంగతి కాదు. లాల్గుడి గారి వర్ణాలు నిలబడ్డాయి. ఇవాళ కచేరీ మొదట్లో వలజి వర్ణమో నళినకాంతి వర్ణమో వినిపిస్తే ఎవరూ దాన్ని కొత్త రచన అనుకోరు.

ఆయన ఎంచుకున్న రాగాలు చూడండి. నళినకాంతి అనగానే అందరికీ గుర్తొచ్చేది త్యాగరాజస్వామి 'మనవ్యాలకించరాదటే' ఒక్కటే. గరుడధ్వని కూడా అలాంటి అరుదైన రాగమే. వలజిలో స, గ, ప, ద, ని అనే ఐదు స్వరాలే ఉంటాయి, రిషభం లేదు, మధ్యమం లేదు. ఇలాంటి చిన్న రాగాలకు వర్ణం చేయడం కష్టం, ఎందుకంటే చెప్పిందే మళ్లీ చెప్తున్నట్టు అవుతుంది. ఆయన ఆ ఇరుకులోనే ప్రతి ఎత్తుగడ స్వరాన్నీ వేరే తలుపు తీసినట్టు మొదలుపెడతారు.

మీ బాబు వర్ణం దగ్గరికే వద్దాం. నళినకాంతి ఆరోహణ స-గ-రి-మ-ప-ని-స. తిన్నగా ఎక్కదు, గాంధారం మీదికి దూకి రిషభానికి వెనక్కి వచ్చి మళ్లీ మధ్యమానికి పోతుంది. ధైవతం అసలే లేదు. వయొలిన్ మీద ఇది వేళ్లకు ఎలా ఉంటుందంటే, ఖాళీ తీగ మీద స, రెండో వేలితో గ, మొదటి వేలికి వెనక్కి వచ్చి రి, మూడో వేలితో మ. స-రి-గ-మ అని ఏళ్ల తరబడి తిన్నగా నడిచిన వేళ్లు ఇక్కడ తడబడతాయి. మీ వాడు ఇప్పుడు అక్కడే తప్పులు చేస్తుంటాడని నా ఊహ. తప్పు పోవాలంటే వేళ్లను బెదిరించి లాభం లేదు, గొంతుతో పాడించాలి. గొంతుకు ఆ వంకర నడక అందంగా తోస్తే వేళ్లు వాటంతట అవే దారికొస్తాయి. ఈ వర్ణం రాసింది వయొలిన్ వాయించే మనిషే అయినా, అది గొంతులో పుట్టిన రచన. గాయకులు కూడా దాన్ని సంతోషంగా పాడేది అందుకే.

నాట్యం వాళ్లకు ఆయన పేరు ఇంకా దగ్గర. చారుకేశిలో 'ఇన్నుమ్ ఎన్ మనం' అనే తమిళ పదవర్ణం (నాట్యానికి కట్టే వర్ణం) భరతనాట్యం అరంగేట్రాల్లో తరచూ వినిపిస్తుంది. మదుర మీనాక్షి మీద 'అంగయర్కన్ని' అనే రాగమాలిక పదవర్ణంలో నవరసాలనూ రాగాల్లో పెట్టారు. నాట్యానికి రాయడమంటే నర్తకికి అభినయించే చోటు వదలాలి, పాదానికి లయ ఇవ్వాలి, తాను మాత్రం వెనక ఉండాలి. ఇది కూడా పక్కవాద్యం బుద్ధే.

తిల్లానాల దగ్గర మాత్రం నేను కాసేపు ఆగాలి. తిల్లానా అంటే 'ధీం తననన' లాంటి జతుల (లయ పలికే అక్షరాల) మీద నడిచే రచన, చివర్లో రెండు మూడు పంక్తుల సాహిత్యం వస్తుంది. కచేరీ చివర వాయిస్తాం కాబట్టి తేలిక సరుకు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆయన మోహనకల్యాణి తిల్లానా క్యాసెట్ కొనుక్కుని, టేప్ రికార్డర్ ముందు పుస్తకం పెట్టుకుని స్వరపరచడానికి కూర్చున్నాను. ఎక్కేటప్పుడు మోహనం, దిగేటప్పుడు కల్యాణి, రాగం సులువే. వినడానికి పల్లకీలో మోసుకుపోతున్నట్టు ఉంది. చేత్తో తాళం వేస్తూ రాయబోతే లెక్క తప్పింది. మళ్లీ వేశాను, మళ్లీ తప్పింది. జతి విరిగే చోటూ తాళం దెబ్బ పడే చోటూ ఒకటి కావు, రెండూ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోయి చివర్లో సరిగ్గా కలుస్తాయి. రెండు రోజులు పట్టింది నాకు ఆ పల్లవి కాగితం మీద పెట్టడానికి. అంత లెక్క పెట్టి కూడా విన్నవాడికి లెక్క కనబడకుండా రాగం ఒక్కటే కనబడేలా చేశారు. ఆలత్తూరు సోదరుల లాంటివారి పక్కన వాయించిన మనిషికి లయ భయం ఉండదు. భయం లేని వాడే దాన్ని దాచగలడు.

ఆయన తిల్లానాల్లో దేశ్, ద్విజావంతి, మాండ్, బాగేశ్రీ, రాగేశ్రీ, సింధుభైరవి లాంటి, ఉత్తరాది వాసన ఉన్న రాగాలు చాలా ఉన్నాయి. వాటిని మన గమకంతో, మన లయతో కట్టారు. సాహిత్యం తెలుగు, తమిళం, సంస్కృతాల్లో ఉంటుంది. ఇవాళ ఏ ఊరి సభలో చూసినా కచేరీ చివర తిల్లానా అంటే సగం మంది ఆయనదే ఎత్తుకుంటారు. బాలమురళీకృష్ణ గారి తిల్లానాలు ఎంత ప్రసిద్ధమో ఇవీ అంతే. ఆ ఇద్దరూ వయొలిన్ చేతబట్టినవారే కావడం గమనించండి, బాలమురళి గారు గాయకుడిగా పేరు పొందినా వయొలిన్, వయోలా రెండూ వాయించేవారు.

పెద్ద రచనలూ ఉన్నాయి. 'జయ జయ దేవి' అనే నృత్యరూపకానికి సంగీతం చేశారు, అది 1994లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదటిసారి ప్రదర్శించారు. డెబ్భై దాటాక 'శృంగారం' అనే తమిళ సినిమాకు సంగీతం ఇచ్చి, 53వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సంగీత దర్శకుడయ్యారు. దేవదాసీ జీవితం మీద కథ అది, మన హైదరాబాదులో పుట్టిన అదితీరావు హైదరీ అందులో నాయిక. సినిమా కోసం శాస్త్రీయాన్ని పలచన చేయలేదు, వీలైతే వెతికి చూడండి.

పద్మశ్రీ 1972లో, సంగీత నాటక అకాడమీ అవార్డు 1979లో, పద్మభూషణ్ 2001లో వచ్చాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే పెద్ద బిరుదు సంగీత కళానిధి అందుకున్నవారి జాబితాలో మాత్రం ఆయన పేరు ఉండదు. అది చూసి కొత్తవాళ్లు ఆయన స్థాయి గురించి పొరబడతారని చెప్తున్నాను.

నాకు బిరుదుల కంటే శిష్యుల పట్టికే ముఖ్యం అనిపిస్తుంది. కొడుకు జి.జె.ఆర్. కృష్ణన్, కూతురు విజయలక్ష్మి ఇద్దరూ వయొలిన్‌లో పేరున్నవారు. ముగ్గురూ కలిసి వాయించిన కచేరీలున్నాయి. చెల్లెలు శ్రీమతీ బ్రహ్మానందం ఆయనతో జంటగా వాయించేవారు. వీణలో ఇవాళ మనం వింటున్న జయంతీ కుమారేశ్ ఆయన మేనకోడలు. అయితే గమనించాల్సింది, ఆయన దగ్గర గాయకులు కూడా నేర్చుకున్నారు. బాంబే జయశ్రీ గారు అందరికీ తెలుసు. సాకేతరామన్, విశాఖా హరి కూడా. వయొలిన్ గురువు దగ్గరికి పాట నేర్చుకోవడానికి గాయకులు రావడం ఎందుకో, పైన చెప్పిన 'చాల' మాట కమాను సంగతి గుర్తు తెచ్చుకుంటే అర్థమవుతుంది.

2013 మనలాంటివాళ్లకు చాలా చెడ్డ సంవత్సరం. జనవరిలో ఎం.ఎస్. గోపాలకృష్ణన్ గారు పోయారు. ఏప్రిల్ 22న చెన్నైలో లాల్గుడి గారు, 82 ఏళ్ల వయసులో. ఆ సాయంత్రం నేను క్లాసు మానేయలేదు. వచ్చిన పిల్లలందరికీ పాఠం బదులు మోహనకల్యాణి తిల్లానా వినిపించి పంపాను. ఒక పాప మాత్రం వెళ్లకుండా "ఇంకోసారి పెట్టండి సార్" అంది, ఇద్దరం కూర్చుని మళ్లీ విన్నాం.

మీ బాబుకు ఏం వినిపించాలంటారా, ముందే సోలో రికార్డులతో మొదలుపెట్టకండి. మదురై మణి అయ్యర్ గారికో శెమ్మంగుడి గారికో ఆయన పక్కవాద్యం వాయించిన కచేరీ ఒకటి తీసుకోండి. ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతాయి. రాగాలాపన ఒక్కటే వినిపించి, గాయకుడు ఆపిన ప్రతిసారీ రికార్డు ఆపి, ఇప్పుడు వయొలిన్ ఏం వాయిస్తుందో నువ్వు పాడి చూపించు అని వాణ్ణి అడగండి. తప్పు పాడినా ఫర్వాలేదు. తర్వాత ప్లే చేసి లాల్గుడి గారు ఏం చేశారో వినండి. మీ ఇద్దరికీ సరదాగా ఉంటుంది. నాలుగు వారాలు అలా చేశాక వయొలిన్, వేణువు, వీణ రికార్డింగు వినిపించండి. తిల్లానాలు ఎప్పుడైనా వినవచ్చు, కారులో పెట్టినా సరే.

వర్ణం సాధనలో ఒక చిన్న మార్పు చేయించండి, మాస్టారు గారికి చెప్పే చేయించండి. నోటు పుస్తకంలో స్వరాల కింద సాహిత్యం అక్షరాలు ఎక్కడెక్కడ పడతాయో ఎర్ర పెన్నుతో గీత పెట్టించండి. కొత్త అక్షరం మొదలైన చోట కమాను మారాలి, గీత లేని చోట మారకూడదు. ముందు పల్లవి ఒక్కటే, అదీ ఒక్క కాలంలోనే (ఒకే వేగంలో), నెమ్మదిగా. వాయించే ముందు రెండుసార్లు పాడాలి. మొదటి వారం మీ బాబు విసుక్కుంటాడు, స్పీడు తగ్గిపోయిందంటాడు. రెండో వారంలో ఒక రోజు మీరు వంటింట్లో ఉండగా ముందు గదిలోంచి 'నీవే గతియని' అన్న మాటలు వయొలిన్ మీద విడివిడిగా వినబడతాయి. అప్పుడు అనుపల్లవికి వెళ్లమనండి.